ఎనిమిదో తరగతిలో కసిమి కుండ: ఒక కలంకారీ ప్రాజెక్టు నడిచిన తీరు

స్కూలు ప్రాజెక్టు అనగానే మన కళ్ళ ముందుకొచ్చే సరుకు కొంత ఉంది. సోడా, వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం, థర్మకోల్ మీద సౌరకుటుంబం, స్టేషనరీ షాపులో తయారుగా దొరికే గాలిమర. వీటితో చిక్కేమిటంటే, ఏం వస్తుందో మొదలుపెట్టకముందే పిల్లలకీ తెలుసు, మనకీ తెలుసు. శనిగ్రహాన్ని తీసుకెళ్ళి భూమి పక్కన అతికించినా థర్మకోల్ ఏమీ అనదు. తప్పని చెప్పాల్సింది టీచరే. అలా కాకుండా, చేసిన పనికి చేతిలోని వస్తువే జవాబు చెప్పే ప్రాజెక్టు కావాలని నా పట్టుదల. నేను తిరుపతి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. శ్రీకాళహస్తి మాకు బస్సెక్కితే వచ్చేస్తుంది. కాబట్టి కలంకారీ కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేకపోయింది.

కలంకారీ అంటే డ్రాయింగ్ మాస్టారి పని అని మన బళ్ళలో లెక్క. నెమలి, చెట్టు, అంచుల్లో లతలు. కానీ ఆ పని జరిగే ఇంటి వసారాలో ఒక పూట కూర్చుంటే కలం పట్టుకునే సమయం కంటే నానబెట్టడం, ఆరబెట్టడం, ఉడకబెట్టడం, జాడించడం, మళ్ళీ ఆరబెట్టడమే ఎక్కువని తెలిసిపోతుంది. టానిన్లు, ఇనుప లవణాలు, పటిక, ఆక్సీకరణం, కేశనాళికత (సన్నటి సందుల్లో ద్రవం దానంతటదే పాకడం) అన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని ఎవరూ ఆ పేర్లతో పిలవరు, అంతే. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో ఈ పనికే పద్మశ్రీ వచ్చింది. మా తరగతిలో సగం మందికి ఇళ్ళల్లో కలంకారీ చీరలు ఉన్నాయి. వాటిలో నలుపు ఎక్కణ్ణించి వస్తుందంటే మాత్రం "బ్లాక్ పెయింట్ సార్" అన్నారు.

ఎనిమిదో తరగతి, నలభై మందికి పైగా పిల్లలు. ఐదుగురేసి జట్లు కట్టాం. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక చేతిపనివాళ్ళ దగ్గర నేర్చుకునే వీలు కల్పించమంటుంది. ఆ మాట పట్టుకుని హెడ్మాస్టరుగారిని శనివారాలు అడిగాను. పోర్షన్ ఏమైపోతుందని కొంచెం నసిగినా ఒప్పుకున్నారు. డ్రాయింగ్ సార్ నాతో కలిశారు. ఆయన్ని ఒప్పించడమే కష్టమైంది, ఎందుకంటే నా షరతు ఒకటి: బొమ్మ ఆఖర్న. ముందు గుడ్డముక్కలు. పిల్లల చేతికి మొదటిరోజే పెద్ద గుడ్డ, కలం ఇస్తే నెమలి మీదే ధ్యాస అంతా పోతుంది. రంగు ఎందుకు పాకిందో, ఎందుకు వెలిసిందో అడిగే ఓపిక ఎవరికీ మిగలదు.

కుండ

కసిమి అంటే కలంకారీలో నల్ల గీత గీసే ద్రవం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. మేం ఐదు లీటర్ల నీళ్ళకి అరకిలో ఇనుము, పావుకిలో బెల్లం వేశాం. ఇనుము కొనలేదు. పిల్లలు పాత మేకులు, విరిగిన కొడవలి, సైకిల్ చైను ముక్క, గుర్రపునాడా ఒకటి తెచ్చారు. చైనుకి గ్రీజు ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

బెల్లం పులిసి ముందు ఆల్కహాలు, తర్వాత ఆమ్లాలు, ముఖ్యంగా ఎసిటిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం ఇనుముతో కలిసి ఫెర్రస్ ఎసిటేట్ ఇస్తుంది. వాయువులు పైకొస్తాయి. మూత బిగించకూడదు, పల్చటి గుడ్డ కట్టాలి. ఈ మాట ఎంత చెప్పినా ఒక జట్టు ఇంట్లో సొంతంగా చేద్దామని కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూత బిగించింది. సీసా ఉబ్బి, మూత ఎగిరి, వంటింటి గోడ మీద మరకలు. పిల్లవాడి తల్లి బడికొచ్చి అడిగింది. ఆమెను కుండ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే, "ఇదా, మా అమ్మ ఉసిరికాయలు ఇనపమూకుట్లో నానేసి తలకు పెట్టేది, అది నల్లగయ్యేది" అంది. ఆ ఒక్క వాక్యం మా ప్రాజెక్టుకి చాలా పనికొచ్చింది. ఉసిరికాయలో ఉన్నదీ, కలంకారీ గుడ్డకి ముందుగా పట్టించే కరక్కాయలో ఉన్నదీ ఒకే రకం పదార్థం, టానిన్. అరటికాయ కోసిన కత్తి నల్లబడడం కూడా ఇదే. మర్నాడు తరగతిలో ఇంట్లో ఏవేవి నల్లబడతాయో చెప్పమంటే బోర్డు నిండిపోయింది.

కుండ వాసన గురించి ముందే హెచ్చరించాలి. మొదటివారం కల్లు వాసన, తర్వాత పుల్లటి ఇనుప వాసన. చీమలు, ఈగలు. మేం సైకిల్ స్టాండు పక్కన ఇటుకల మీద పెట్టి చుట్టూ బూడిద చల్లాం. తయారయిందో లేదో చూడ్డానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద ఒక చుక్క వేస్తే చాలు. మొదట్లో బూడిదరంగు మరక వస్తుంది. రోజులు గడిచేకొద్దీ అది ముదురుతుంది. ఆ ముక్కలన్నీ ఒక అట్టకి వరసగా కుట్టి తేదీలు వేశాం.

ముక్కలు

అసలు సైన్స్ అంతా ఇక్కడ జరిగింది. కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను.

కోరా గుడ్డని అరచేయంత ముక్కలుగా కత్తిరించాం. ప్రతి జట్టుకీ ఐదు రకాల ముక్కలు. ఒకటి ఉతికిన ఉత్త గుడ్డ. రెండోది కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టింది. మూడోది కరక్కాయ పొడి, బర్రెపాలు రెండూ పట్టించింది. నాలుగోది ఉత్త పాలలో ముంచింది. ఐదోది గంజి వదిలించకుండానే కరక్కాయ, పాలు పట్టించింది. అన్నిటి మీదా డ్రాపర్‌తో ఒక్కో చుక్క కసిమి వేసి, ఆరాక చుక్క ఎంత మేర పాకిందో స్కేలుతో కొలవాలి.

చుక్క పడ్డ క్షణం చూడాలి. కసిమి చూడ్డానికి నల్లగా ఉండదు, పల్చటి టీ డికాషన్ రంగు. ఉత్త గుడ్డ మీద అలాగే ఉండి, ఆరాక తుప్పురంగు మరక అయింది. కరక్కాయ ముక్క మీద మాత్రం పడీపడగానే బూడిదరంగుకి తిరిగి, చూస్తుండగానే అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. పాలు లేని ముక్క మీద నూలుపోగుల వెంట పాకి, చుట్టూ వెంట్రుకల్లా సన్నటి కాళ్ళు వేసింది. పాలున్న ముక్క మీద గుండ్రంగా నిలబడిపోయింది. వ్యాసం కొలిస్తే పాలు లేనిది దాదాపు రెండింతలు. గంజి వదలని ముక్క మీద చుక్క కాసేపు పైనే తేలి, ఒక పక్క దిగి, ఒక పక్క దిగక, మచ్చలు మచ్చలుగా తయారైంది.

ఐదు ముక్కలు పక్కపక్కన పెడితే రెండు విషయాలు విడివిడిగా కనిపిస్తాయి. నలుపు ఇచ్చేది కరక్కాయ. పాకకుండా ఆపేది పాలు. పాలలోని కొవ్వు, ప్రొటీను గుడ్డ పోగుల మధ్య చేరి నీరు పాకే దారుల్ని మూస్తాయి. ప్యాకెట్ పాలు వాడిన జట్టుకి గీత కొంచెం మసకగా వచ్చింది. వాళ్ళు బర్రెపాలతో మళ్ళీ చేసి సరిచూసుకున్నారు. ఇలా చెయ్యమని నేను అనలేదు.

నలుపు ఎక్కడుంది అన్న వాదన మాత్రం రెండు పీరియడ్లు తిన్నది. "కుండలోనే ఉంది సార్, సరిగ్గా కనపడదంతే" అని ఒక వర్గం. "కాదు, గుడ్డలో ఉంది" అని ఒక వర్గం. ఆరుతున్నప్పుడు ముదురుతోంది కాబట్టి ఎండ వల్ల అని మూడో వర్గం. వాదించుకోవడం ఆపి పరీక్ష పెట్టమన్నాను. ఒకే గుడ్డ నుంచి మూడు ముక్కలు తీసి చుక్కలు వేశారు. ఒకదాన్ని ఎండలో, ఒకదాన్ని గదిలో నీడన పెట్టారు. మూడోదాన్ని చుక్క పడగానే ప్లాస్టిక్ షీటు కింద నొక్కి ఉంచారు. ఎండలోదీ నీడలోదీ రెండూ నల్లబడ్డాయి. ప్లాస్టిక్ కిందిది బాగా వెనకబడింది, పూర్తిగా ఆగలేదు. షీటు తీశాక అది కూడా ముదిరింది. కసిమిలో ఉన్న ఫెర్రస్ ఇనుము టానిన్‌తో కలిసి ముందు లేతరంగు పదార్థం ఇస్తుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలాక అది ఫెర్రిక్ టానేట్‌గా మారి నల్లబడుతుంది. ఐరోపాలో వందల ఏళ్ళపాటు దస్తావేజులు రాసిన సిరా కూడా ఇదే రసాయనం. అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు బుడిపెలు వాడేవారు. ఇంత చెప్పాక ఒకమ్మాయి, "అయితే మూడు వర్గాలూ సగం సగం కరెక్టే కదా సార్" అంది. ఎండ వర్గానికి సగం కూడా రాదని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు.

ఇలా దశకో ముక్క దాచుకోవడం మా కొత్త ఆలోచనేం కాదు. 1734లో ఆంత్వాన్ ద బోల్యూ అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకంవాళ్ళ పక్కన కూర్చుని, ప్రతి దశ ముగియగానే గుడ్డ నుంచి ఒక ముక్క కత్తిరించుకుని, పక్కన వివరం రాసుకుని పారిస్ పంపాడు. ఆ ముక్కలు ఇప్పటికీ అక్కడున్నాయి. 1742లో కూర్దూ అనే జెసూట్ పాద్రీ కూడా కరక్కాయ, బర్రెపాల సంగతితో సహా ఈ పద్ధతంతా ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చిన కూర్దూ ఈయనే. తమాషా ఏమిటంటే, అప్పటికి ఫ్రాన్స్‌లో అద్దకం గుడ్డలు నిషేధం. మన గుడ్డలు వాళ్ళ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని 1686లో పెట్టిన ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఈ కథ చెప్పిన రోజు సోషల్ టీచర్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మర్నాడు ఆవిడ పీరియడ్‌లో కూడా కసిమి గురించే మాట్లాడారట.

నిమ్మకాయ సంగతి ప్లాన్‌లో లేదు. మధ్యాహ్న భోజనం తర్వాత ఒక అబ్బాయి చేయి సరిగ్గా కడుక్కోకుండా నల్లముక్క పట్టుకున్నాడు. నిమ్మకాయ ఊరగాయ తిన్న వేలు. వేలిముద్ర పడ్డచోట నలుపు విడిపోయి లేత పసుపు బయటపడింది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టి లాగేస్తుంది. గంట తిరక్కుండా తరగతి మొత్తం నిమ్మరసంలో ముంచిన పుల్లలతో నల్ల గుడ్డ మీద లేతగా పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఆ రోజుకి ఇంకే పనీ జరగలేదు, జరగనివ్వాలని నేనూ అనుకోలేదు. చింతపండు రసం, మజ్జిగ, వెనిగర్ వరసగా పెట్టి ఏది ఎంత తొందరగా వదిలిస్తుందో చూసిన జట్టు రిపోర్టే మొత్తంలో బాగుంది.

కలం

ఇంజనీరింగ్ అంటే మోటారు, బ్యాటరీ ఉండాలని పిల్లల నమ్మకం. కలంకారీ కలం చూడ్డానికి ఒట్టి వెదురు పుల్ల. కొస సన్నగా చెక్కి, కొసకి అంగుళం పైన ఉన్ని ముద్దగా చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్నిని కసిమిలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీస్తే ద్రవం పుల్ల వెంట కొసకి దిగుతుంది. నొక్కు తగ్గిస్తే ఆగుతుంది. టాంకీ, కుళాయి, గొట్టం అన్నీ ఒక పుల్లలో ఉన్నాయి.

మేం కలాలు కొని తేలేదు. ఒక్క కలం చూపించి, ఎవరి కలం వాళ్ళే చేసుకోమన్నాం. పరీక్ష ముందే చెప్పాం: ఒక్క ముంపుకి ఎన్ని సెంటీమీటర్ల గీత వస్తుంది, మధ్యలో చుక్కలు కారాయా లేదా. జట్లు రకరకాలుగా చుట్టాయి. దూది, పాత బనియన్ గుడ్డ, స్పాంజి, చిరిగిన స్వెట్టర్ ఉన్ని. దూది ద్రవం బాగా పీల్చుకుంది కానీ ఒకసారి నొక్కాక ముద్దై మళ్ళీ ఉబ్బలేదు. స్పాంజి మొత్తం ఒక్కసారిగా వదిలేసింది. ఉన్ని తడిసినా స్ప్రింగులా తిరిగి లేస్తుంది, అందుకే నొక్కినంత వదిలి, వదిలినంత పట్టుకుంటుంది. కొస ఎంత సన్నగా ఉండాలన్నదానికి జవాబు ఒక్కటి రాలేదు. మరీ సన్నగా చెక్కితే పాలు పట్టిన గుడ్డకి గుచ్చుకుని ఆగుతోంది. లావైతే వంపులు తిరగడం లేదు. దారం కట్టే చోటు అర అంగుళం జరిపితే ధార మారిపోతుందని కనిపెట్టింది, తరగతిలో పెద్దగా నోరు విప్పని ఒక అబ్బాయి. వాళ్ళ నాన్న గెలలు కట్టే పని చేస్తాడు, వాడి ముడి విడిపోదు. ఆ వారం అన్ని జట్ల కలాలకీ దారం కట్టింది వాడే.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కళాకారిణి ఈ కలాలన్నీ వరసగా పెట్టి చూసింది. చిన్నప్పటి నుంచీ ఇదే పని చేస్తున్న మనిషి. పిల్లలు ఆమెను మేడం అనాలా, అక్కా అనాలా తేల్చుకోలేక కాసేపు ఏమీ అనలేదు. "అక్కా అనండి" అందామె. నొక్కడం చెయ్యి బలంతో కాదని, బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ కొంచెం వదులుగా ఉండాలని ఆమె పట్టి చూపించాకే గీతలు నిలకడగా వచ్చాయి. నేను బోర్డు మీద గీసిన కేశనాళికత బొమ్మతో రాని పని అది. ఇలాంటి మనిషిని పిలిచినప్పుడు రోజు కూలీ లెక్కన డబ్బివ్వాలి. శాలువా కప్పి పంపించెయ్యడం నాకు నచ్చదు. ఆమె వదులుకుని వచ్చింది ఒక రోజు పని.

ఎరుపు

పటిక నీళ్ళతో గుడ్డ మీద రాస్తే ఏమీ కనపడదు. ఆరాక జాడించి మంజిష్ఠ వేరు పొడితో ఉడకబెడితే రాసిన చోట ఎర్రగా తేలుతుంది. పటికలోని అల్యూమినియం గుడ్డకీ రంగుకీ మధ్య ముడి వేస్తుంది. నూలుకి ఇలాంటి రంగులు మామూలుగా అంటవు. కరక్కాయ టానిన్ ముందే పట్టించి ఉంటే అల్యూమినియం నిలబడడం తేలికవుతుంది. ప్రతి పిల్లా పిల్లవాడూ తన ముక్క మీద కనపడని అక్షరాలు రాసి, వెనక పెన్సిల్‌తో రోల్ నంబరు వేశారు. ఉడుకుతున్న గిన్నెలో ముక్కలు తిరుగుతూ ఉంటే పేర్లు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి. ఆ పావుగంట ఎవరినీ నిశ్శబ్దంగా ఉండమనడం కుదిరే పని కాదు.

పొయ్యి దగ్గర పిల్లల్ని రానివ్వలేదు. గీత గీసి దాని అవతలే నిలబెట్టాం. మధ్యాహ్న భోజనం వండే అమ్మ సాయం చేసింది కానీ గిన్నె ఇవ్వనంది, "అన్నం వండే గిన్నెలో రంగులా సార్, కుదరదు." ఆమె మాటే సరి. రంగు గిన్నె వేరుగా ఉండాలి, అదీ స్టీలుది. ఇనుప బాణలి అసలు వద్దు. ఇనుము కొంచెం కలిసినా ఎరుపు చచ్చిపోతుంది. ఒక జట్టు తుప్పు పట్టిన రేకుతో కలిపింది. వాళ్ళ గిన్నెలో ముక్కలు ఎరుపు బదులు గోధుమ, ఊదా మధ్య ఏదో రంగులో వచ్చాయి. మిగతావాళ్ళు నవ్వారు. తర్వాత ఆఖరి గుడ్డలో చెరువు గట్టు మట్టికి ఆ రంగే కావాలని అడిగి మరీ చేయించుకున్నారు. సెగ కూడా పెద్దది పెట్టకూడదు. తెర్లితే ఎరుపు గోధుమ వైపు తిరుగుతుంది.

రంగు తర్వాత గుడ్డ జాడించాలి. కాళహస్తిలో దీనికి పారే నీళ్ళు కావాలంటారు, స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలబడడానికి అదొక కారణం. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా భాగం ఇసకే ఉంటుంది, అది వేరే సంగతి. టబ్బులో ముంచితే ఏమవుతుందని పిల్లలు అడిగారు. ముంచి చూశారు. వదిలిన అదనపు రంగు మళ్ళీ తెల్లచోట్ల కూర్చుని గుడ్డంతా మురికి పసుపు తిరిగింది. దాంతో రెండో ఇంజనీరింగ్ పని తగిలింది: బోరు పైపు, టార్పాలిన్, నాలుగు బెంచీలతో బళ్ళో పారే నీళ్ళు సృష్టించాలి. వాలు ఎక్కువైతే నీళ్ళు గుడ్డ మీద నుంచి జారిపోతాయి, తక్కువైతే మధ్యలో మడుగు కడతాయి. బెంచీ కాళ్ళ కింద ఇటుకలు జరిపి జరిపి వాలు కుదుర్చుకున్నారు. వాడిన నీళ్ళు వేప చెట్టు మొదట్లోకి పోనిచ్చాం.

పసుపు రంగుకి అందరూ ముందు వంటింటి పసుపే అన్నారు. చేసి సగం ముక్కని నల్ల కాగితం కింద దాచి కిటికీకి కట్టాం. ఎండ తగిలిన సగం త్వరగానే వెలిసింది. దానిమ్మ తొక్క ముక్క నిలబడింది. నీలిమందు జోలికి వెళ్ళలేదు. నీలి రంగు నీళ్ళలో కరగదు, దాన్ని ఆక్సిజన్ లేని తొట్టిలో కరిగించి మళ్ళీ గాలికి నీలం చేసుకోవాలి. ఎనిమిదో తరగతికి, మాకున్న సౌకర్యాలకి అది ఎక్కువ.

గుడ్డ

ఇంత అయ్యాక డ్రాయింగ్ సార్ వంతు. కాళహస్తి పటంలో మధ్యన పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో కథ, వాటి కింద తెలుగులో ఒక్కో వాక్యం ఉంటాయి. అదే తీరులో మా ఊరి చెరువు ఆహార జాలకం వేద్దామన్నారు ఆయన. ఇదే ప్రాజెక్టులో ఆయన చేసిన గొప్ప సాయం. మధ్యలో చెరువు, చుట్టూ గడుల్లో నాచు, దోమ పిల్లలు, కప్ప, కొంగ, నీటిపాము, చేపలు పట్టే మనిషి. చింతబొగ్గుతో గీసుకుని, కసిమితో దిద్దారు.

కప్ప దగ్గర పెద్ద గొడవ. నీలం లేదు కాబట్టి ఆకుపచ్చ రాదు. పసుపు కప్ప వేస్తే జనం నవ్వుతారని కొందరన్నారు. సంప్రదాయంలో దేవుళ్ళకి నీలం, ఆడపాత్రలకి పసుపు వేస్తారని కళాకారిణి చెప్పింది గుర్తుపెట్టుకుని ఒకమ్మాయి, "అయితే ఇది ఆడకప్ప" అని తేల్చేసింది. ఆ గడి కింద "గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడకప్ప" అని రాశారు. కొంగ ఒంటి మీద మాత్రం ఊరగాయ వేలిముద్ర ఒకటి పడింది. దాన్ని ఈకగా దిద్దేశారు.

పరీక్షలో ఏం తేలింది

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఉన్న మార్కులు గుడ్డకి వెయ్యలేదు. ముక్కల అట్టకీ, దాని పక్కన రాసుకున్న కారణాలకీ వేశాం. బొమ్మ బాగా వేసేవాళ్ళకి ఇది అన్యాయంగా తోచింది, వాళ్ళ బాధలో న్యాయముంది. గుడ్డకి డ్రాయింగ్ సార్ విడిగా గ్రేడు ఇచ్చి సర్దారు.

తర్వాత ఒక ప్రశ్న ఇచ్చాను: ఇనపమూకుట్లో ఉసిరికాయలు ఉడికిస్తే నల్లబడ్డాయి, అందులో పాలు పోస్తే ఏమవుతుంది? నల్లబడడానికి కారణం దాదాపు అందరూ సరిగ్గా రాశారు. పాల దగ్గర చాలామంది తడబడ్డారు. "పాలు పోస్తే నలుపు రాదు" అని రాశారు. పాలు పాకడాన్ని ఆపుతాయన్నది కాస్తా నలుపునే ఆపుతాయన్నట్టు మారిపోయింది. ఐదు ముక్కలు కళ్ళారా చూసినవాళ్ళే ఇలా రాశారు. కాబట్టి ముక్కలు చూపించడంతో పని అయిపోదు. పాకడానికీ, రంగుకీ విడివిడిగా రెండు వరసల పట్టిక వాళ్ళ చేతే నింపించాలి. తొమ్మిదిలోకి వచ్చాక ఈ పిల్లలకే అది చేయిస్తున్నాను. ఆక్సీకరణ సమీకరణాలు ఎనిమిదిలో బోర్డు మీద రాయలేదు, అవసరమూ కనపడలేదు. పదో తరగతిలో ఆమ్లాలు, లవణాల పాఠం వచ్చినప్పుడు ఆ అట్టలు మళ్ళీ తీయొచ్చు.

ఖర్చు తక్కువే. కోరా గుడ్డ, కరక్కాయలు, మంజిష్ఠ, పటిక, పాలు, ఒక స్టీలు గిన్నె. అందులో గిన్నెదీ, మంజిష్ఠదీ ఎక్కువ. ఆయుర్వేద మూలికల కొట్లో మంజిష్ఠ, కరక్కాయ రెండూ దొరుకుతాయి. కరక్కాయలు పొడిగా కొనకుండా కాయలే కొని దంచుకోండి, కొట్లో పొడి ఎప్పటిదో తెలియదు. గింజ తీసేసి పైపెచ్చు మాత్రమే దంచాలి. యూనిఫాం మీద కసిమి పడితే సబ్బుతో పోదు, పాత చొక్కాలు వేసుకు రమ్మని ముందే చీటీ పంపండి. పడ్డాక మాత్రం నిమ్మకాయ పనిచేస్తుంది.

వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. పాలు పట్టిన గుడ్డ తడిగాలికి ఆరక కంపు కొడుతుంది, బూజు కూడా పడుతుంది. మా వైపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. అందుకే కుండ మాత్రం దసరా సెలవుల తర్వాత పెట్టి, ఒక కప్పు కింద ఉంచి, గుడ్డపని డిసెంబరులో మొదలుపెడతాం. సంక్రాంతి సెలవులు వచ్చేలోపు ముక్కల అట్టలు అయిపోవాలి. ఫిబ్రవరి ఎండలో ఆఖరి గుడ్డ ఒక్క పూటలో ఆరుతుంది.